“నిధుల్లేవు” అన్నాక ఏం చేయాలి? చెన్నైలో మీ వీధి పనికి ప్రభుత్వ సొమ్ము తెచ్చుకునే దారి

వలసరవాక్కంలో మా వీధి వాననీటి కాలువ పూర్తయినప్పటి నుంచి నాకు వారానికి రెండు మూడు ఫోన్లు వస్తున్నాయి. విల్లివాక్కం నుంచి ఒకరు, మాధవరం నుంచి ఒకరు, సాలిగ్రామం నుంచి మరొకరు. అందరూ తెలుగువాళ్లే, అందరిదీ ఒకటే ప్రశ్న: “మా వీధికి రోడ్డు వేయించాలంటే ఎవరిని అడగాలండీ? ఎక్కడికి వెళ్లినా నిధుల్లేవంటున్నారు.” ఒక్కొక్కరికీ ఫోనులో సగం సగం చెప్పేకంటే అంతా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

ముందుగా ఒక్క మాట. “నిధుల్లేవు” అని అధికారి అన్నప్పుడు చాలాసార్లు దాని అర్థం “నా పద్దులో లేవు” అని. ఒకే వీధికి సొమ్ము రాగల దారులు నాలుగైదు ఉంటాయి. మీ పనికి ఏ పద్దు సరిపోతుందో తెలుసుకోవాలి, ఆ పద్దు చూసేవారి చేతిలో కాదనడానికి వీల్లేని కాగితాలు పెట్టాలి. మిగతాదంతా ఓపిక.

దగ్గర పెట్టుకోవలసినవి

- మీ వార్డు సంఖ్య, జోను పేరు, శాసనసభ నియోజకవర్గం, లోక్‌సభ నియోజకవర్గం. నాలుగూ వేర్వేరు.
- 30 మీటర్ల కొలత టేపు ఒకటి. ఇంట్లో లేకపోతే తెలిసిన మేస్త్రీని అడిగి తీసుకోండి.
- తేదీ కనిపించే ఫొటోలు. వాన రోజు తీసినవి కొన్ని, ఎండ రోజు తీసినవి కొన్ని.
- వీధిలోని ఇళ్లవాళ్ల సంతకాలు, ఇంటి నంబర్లతో సహా.
- పార్కు లేదా ఖాళీ స్థలం విషయమైతే లేఅవుట్ పటం నకలు.
- తమిళం చక్కగా రాయగలిగిన మనిషి ఒకరు. మనలో చాలామంది తరతరాలుగా ఇక్కడే ఉంటూ తమిళం ధారాళంగా మాట్లాడుతాం, కానీ రాయమంటే వెనకాడుతాం. బడిలో తమిళం చదివే పిల్లలున్న ఇల్లు మీ వీధిలో తప్పక ఉంటుంది.
- ఒక ఫైలు. ప్రతి కాగితానికీ నకలు అందులో ఉండాలి.

నివాసుల సంఘం రిజిస్టరై ఉంటే మంచిదే. లేకపోయినా అర్జీ పెట్టుకోవచ్చు. సంఘం పెట్టేదాకా ఆగాలనుకుని రెండేళ్లు పోగొట్టుకున్న వీధులు నాకు తెలుసు.

1. ఆ స్థలం ఎవరిదో తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. చాలామంది దాటేసేది కూడా ఇదే. ప్రభుత్వ సొమ్ము ప్రైవేటు స్థలం మీద ఖర్చు కాదు. పాత లేఅవుట్లలో కొన్ని వీధులు ఈనాటికీ కార్పొరేషన్‌కు అప్పగించకుండానే మిగిలిపోయాయి. కంటికి రోడ్డే, కాగితం మీద మాత్రం లేఅవుట్ వేసినవారి సొత్తు. అలాంటి వీధికి ఎన్ని అర్జీలు పెట్టినా తిరిగొస్తాయి. ముందు దాన్ని దానపత్రం ద్వారా కార్పొరేషన్ పేరిట రాయించాలి. పార్కు కోసం విడిచిన స్థలానికీ ఇదే మాట. పటంలో ఆకుపచ్చ రంగు వేసినంత మాత్రాన అది కార్పొరేషన్‌ది అయిపోదు.

స్థలం ప్రభుత్వానిదే అయినప్పుడు, ఏ శాఖదో చూడండి. బస్సులు తిరిగే రోడ్లను కార్పొరేషన్‌లో వేరే విభాగం చూస్తుంది, అవి సుమారు 387 కిలోమీటర్లు. లోపలి వీధులను జోనల్ కార్యాలయం చూస్తుంది. కొన్ని పెద్ద రోడ్లు అసలు కార్పొరేషన్‌వే కావు, రాష్ట్ర రహదారుల శాఖవి. వార్డు ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరును, ఒక్కసారి అడిగితే చెబుతారు. ఆయన చెప్పింది తేదీతో సహా రాసుకోండి.

2. నేల కింద ఏం రాబోతోందో అడగండి

కొత్త రోడ్డు వేసిన మూడో నెలలో మురుగు గొట్టాల కోసం తవ్వేస్తే ఆ సొమ్మంతా మట్టిపాలు. కాబట్టి మెట్రో వాటర్ (నగరంలో మంచినీరు, మురుగు చూసే సంస్థ) డిపోకు, విద్యుత్ కార్యాలయానికి వెళ్లి, మీ వీధిలో గొట్టాల పని, కేబుల్ పని ఏదైనా మంజూరై ఉందా అని అడగండి. నేల కింది పని ఉంటే అది ముందు, తర్వాత కాలువ, చివరన రోడ్డు. ఈ వరుస తప్పించి ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకండి.

అమృత్ అనే కేంద్ర పట్టణ పథకం, కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు, విదేశీ బ్యాంకుల రుణాలతో కట్టే పెద్ద కాలువలు మన అర్జీల మీద వచ్చేవి కావు. కొసస్థలైయారు పరీవాహక ప్రాంతంలోని వాననీటి కాలువలకు ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణం, కోవళం వైపు పనులకు జర్మనీ అభివృద్ధి బ్యాంకు సొమ్ము అలా వచ్చినవే. వాటి విషయంలో మీరు అడగవలసింది ఒక్కటే: “ఆ పథకం పటంలో మా వీధి ఉందా?” ఉంటే చిన్న పద్దుల వెంట తిరగడం ఆపి, ఆ పని ఎప్పుడు మొదలవుతుందో కనుక్కోండి.

3. కొలవండి

“మా రోడ్డు చాలా అధ్వానంగా ఉంది” అన్న అర్జీ దొంతరలో అడుగుకు పోతుంది. అంకెలున్న అర్జీ మీద ఇంజనీరు కలం పెడతారు. ఆదివారం ఉదయం ఇద్దరు మనుషులు, ఒక టేపు ఉంటే గంటలో అయిపోతుంది. వీధి పొడవు, మూడు చోట్ల వెడల్పు, గుంతలున్న మేర, కాలువ లేని మేర, వాన వెలిసిన ఎన్ని గంటలకు నీరు ఇంకుతోందో రాయండి.

ఇంకొక కొలత ఉంది, దాన్ని మాత్రం మరిచిపోవద్దు. మీ గేటు మెట్టుకూ రోడ్డుకూ మధ్య ఎత్తు ఎంత ఉందో సెంటీమీటర్లలో రాసి, రోడ్డు మట్టం దగ్గర గోడ మీద ఆయిల్ పెయింటుతో గీత గీయండి. మా ఇంటికి ఒకప్పుడు మూడు మెట్లుండేవి. పాత పొర తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ వచ్చారు. పొరకు 40 మిల్లీమీటర్ల లెక్కన మూడు సార్లకు 12 సెంటీమీటర్లు, అంటే సగం జానెడుకు పైమాటే. 2015 డిసెంబరు వానల్లో నీరు గేటు కింద నుంచి లోపలికి వచ్చి, దేవుడి గది గడప దాటింది. మా అమ్మ ఆ రాత్రంతా బియ్యం డబ్బా మంచం మీద పెట్టుకుని కూర్చుంది. ఆ గీత ఆనాడే గీసి ఉంటే అడగడానికి నా దగ్గర రుజువు ఉండేది.

4. పద్దు ఎంచుకోండి

చిన్న పని నుంచి పెద్ద పనికి ఈ వరుసలో చూడండి.

అ) కార్పొరేషన్ సొంత నిర్వహణ. గుంతలు పూడ్చడం, వీధి దీపాలు, పూడిపోయిన కాలువ తీయడం, విరిగిన మూతలు మార్చడం దీని కిందికి వస్తాయి. వీటికి గ్రాంటు అక్కర్లేదు. కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. ఇంత చిన్న పనికి ఎంపీ దగ్గరకు వెళ్లడం మీ కాలాన్ని, ఆయన కాలాన్ని వృథా చేయడమే.

ఆ) కౌన్సిలర్ వార్డు నిధి. చెన్నైలో 200 వార్డులున్నాయి. ఒక్కో కౌన్సిలర్‌కూ ఏటా కొంత మొత్తం ఉంటుంది. చిన్న కాలువ, కాలిబాట, పార్కులో నడక దారి, బడికి మరుగుదొడ్డి లాంటివాటికి తగిన పద్దు. వార్డు మొత్తానికి పంచాలి కాబట్టి ఇది త్వరగా ఖాళీ అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లోనే అడగండి. జనవరిలో వెళ్తే మిగిలేది చిరునవ్వే.

ఇ) ఎమ్మెల్యే నియోజకవర్గ అభివృద్ధి నిధి. తమిళనాడులో నియోజకవర్గానికి ఏటా 3 కోట్ల రూపాయలు. మధ్యరకం పనులకు నా ఉద్దేశంలో ఇదే మంచి దారి. మా కాలువ ఇందులోనే వచ్చింది.

ఈ) ఎంపీ నిధి. ఎంపీల్యాడ్స్ పథకం 1993 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు ఎంపీకి ఏటా 5 కోట్లు. ఇక్కడ ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. సొమ్ము ప్రజలందరికీ పనికొచ్చే, చిరకాలం నిలిచే ఆస్తులకే వాడాలి. గుడి, చర్చి, మసీదు పనులకు, భూమి కొనడానికి, ప్రైవేటు ఆస్తులకు పనికిరాదు. ఏటా కనీసం 15 శాతం షెడ్యూల్డ్ కులాల వారు, 7.5 శాతం షెడ్యూల్డ్ తెగల వారు నివసించే ప్రాంతాలకు సిఫారసు చేయాలి. మీ వీధి అలాంటి ప్రాంతంలో ఉంటే అర్జీ మొదటి పంక్తిలోనే ఆ మాట రాయండి.

ఇక్కడొక హెచ్చరిక. చెన్నైలో ఉన్నంత మాత్రాన మీ ఎంపీ చెన్నై ఎంపీ కానక్కర్లేదు. మదురవాయల్, అంబత్తూరు, ఆలందూరు శాసనసభ నియోజకవర్గాలు శ్రీపెరుంబుదూరు లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. మాధవరం తిరువళ్లూరు స్థానంలో ఉంది. నేను మొదటి అర్జీ దక్షిణ చెన్నై ఎంపీ కార్యాలయంలో ఇచ్చి, నాలుగు నెలలు ఎదురుచూశాను. మా వీధి మదురవాయల్ నియోజకవర్గంలోనిది. తమిళనాడు నుంచి రాజ్యసభకు ఎన్నికైన 18 మందికి ఈ హద్దు లేదు, రాష్ట్రంలో ఎక్కడి పనికైనా సిఫారసు చేయవచ్చు. లోక్‌సభ సభ్యుని దగ్గర కుదరకపోతే ఆ దారి ఉంది.

ఉ) నమక్కు నామే పథకం. పేరుకు అర్థం “మనకు మనమే”. అంచనా వ్యయంలో కనీసం మూడో వంతు ప్రజలు ఇస్తే మిగతాది ప్రభుత్వం పెడుతుంది. పార్కులు, చెరువులు, గ్రంథాలయాలు, బడి గదులు, వీధులు ఇలాంటివాటికి వాడుకోవచ్చు. అంచనా 9 లక్షలైతే మీ వాటా 3 లక్షలు. 40 ఇళ్లుంటే ఇంటికి 7,500. వినగానే ఎక్కువనిపిస్తుంది. కానీ వాటా పెద్ద వ్యాపారి ఒక్కరే ఇవ్వవచ్చు, కంపెనీ తన సామాజిక బాధ్యత నిధి నుంచి ఇవ్వవచ్చు, బయట స్థిరపడ్డ మీ వీధి పిల్లలు పంపవచ్చు. వాటా ఎక్కువ ఇస్తే పని ఎవరితో చేయించాలన్న విషయంలో మీకు ఏ మేరకు మాట చెల్లుతుందో జోనల్ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి.

వాటా సొమ్మును చెక్కు లేదా డీడీ రూపంలో కార్పొరేషన్ పేరుతోనే కట్టండి. నగదు ఎవరి చేతిలోనూ పెట్టవద్దు. కాంట్రాక్టరుకు కాదు, మధ్యవర్తికి కాదు, సంఘం కార్యదర్శి జేబులోకీ కాదు. రసీదు ఫోటో తీసి ఇచ్చిన ప్రతి ఇంటికీ పంపండి.

5. అర్జీ రాయండి

ఒకే పుట, ఒకే పని. రోడ్డు, దీపాలు, దోమలు, కుక్కలు అన్నీ ఒకే అర్జీలో పెడితే నాలుగు శాఖల మధ్య తిరిగి ఎక్కడో ఆగిపోతుంది. నమూనా ఇలా ఉంటుంది, తమిళంలోకి మార్చుకోండి:

“మా వీధి పొడవు 180 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. ఇది కార్పొరేషన్‌కు అప్పగించిన వీధి, నకలు జతచేశాం. ఇందులో 110 మీటర్ల మేర వాననీటి కాలువ లేదు. గత రెండు వానాకాలాల్లోనూ నీరు రెండు రోజులకు పైగా నిలిచింది, ఫొటోలు జతచేశాం. 46 కుటుంబాలు, ఒక అంగన్‌వాడీ ఉన్నాయి. మెట్రో వాటర్ పని ఏదీ పెండింగులో లేదని తెలుసుకున్నాం. ఈ 110 మీటర్లకు కాలువ నిర్మించి, వీధి చివరనున్న పెద్ద కాలువకు కలపడానికి మీ నియోజకవర్గ నిధి నుంచి సిఫారసు చేయవలసిందిగా కోరుతున్నాం.”

“పెద్ద కాలువకు కలపడానికి” అన్న ముక్క తప్పక ఉండాలి. ఎక్కడా కలవకుండా మధ్యలో ఆగిపోయిన కాలువ దోమల తొట్టి అవుతుంది.

6. ఇవ్వండి, ముద్ర వేయించుకోండి

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం. అదే ప్రతిని ఏఈకి కూడా ఇవ్వండి, ఎందుకంటే ఎవరి నిధైనా చివరికి అంచనా వేయవలసింది ఇంజనీరే.

వార్డులో ఏరియా సభ, అంటే ఆ ప్రాంతవాసుల సమావేశం, జరిగినప్పుడు వెళ్లండి. తమిళనాడు నగరాల్లో ఇవి 2022 నుంచి జరుగుతున్నాయి. అక్కడ మీ పని పేరు తీర్మానంలో రాయిస్తే తర్వాత ఏ పద్దులో అడిగినా బలం. ఇద్దరు కాకుండా పదిహేను మంది వెళ్లండి, ఆడవాళ్లు ఎక్కువమంది ఉంటే ఇంకా మంచిది. నీళ్లు తోడి పోసేది వాళ్లే కాబట్టి వాళ్లు చెప్పే మాటకు బరువుంటుంది.

కాలం కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల రోడ్డు పనులు సాగవు. ఫొటోలకు అదే మంచి అదను, అర్జీకి కూడా అదే. ఫిబ్రవరి, మార్చిల్లో బడ్జెట్ తయారయ్యేలోపు మీ కాగితం లోపల ఉండాలి. ఎన్నికల నియమావళి అమల్లో ఉంటే కొత్త మంజూరులు ఉండవు, అప్పుడు అధికారిని విసిగించి లాభం లేదు.

7. అంచనా, టెండరు, పని

ఇంజనీరు కొలతలకు వచ్చిన రోజు మీలో ఒకరు పక్కనే ఉండండి. మీ కొలతలూ ఆయన కొలతలూ తేడా వస్తే అక్కడే మళ్లీ కొలవమని మర్యాదగా అడగండి. రోడ్డు పనైతే అంచనాలో మిల్లింగ్ ఉందో లేదో చూడండి. మిల్లింగ్ అంటే పాత పొరను యంత్రంతో చెక్కి తీసేయడం. అది లేకుండా కొత్త రోడ్డు వస్తే మీ ఇల్లు మరింత పల్లమవుతుంది. “మిల్లింగ్ లేకుండా మాకు రోడ్డు వద్దు” అని రాసి ఇవ్వడానికి వెనకాడకండి.

పని ఉత్తర్వు వచ్చాక దాని నకలు సంపాదించండి. పొడవు, వెడల్పు, మందం, గడువు, కాంట్రాక్టరు, లోపాల బాధ్యత కాలం (పనిలో లోపాలను కాంట్రాక్టరే బాగుచేయవలసిన కాలం) అందులో ఉంటాయి. పని జరిగే రోజుల్లో వంతులు వేసుకుని చూడండి. కూలీల మీద అరవకండి. వాళ్లకు చెప్పినంతే చేస్తారు, ఎండలో తారు దగ్గర నిలబడేది వాళ్లు. ఒక బిందె మజ్జిగ పెట్టి, అనుమానం ఉంటే ఏఈకి ఫోటో పంపండి.

8. సరిగ్గా జరిగిందో లేదో చూసుకోండి

రోడ్డు: గోడ మీద గీసిన గీత దగ్గరికి వెళ్లండి. కొత్త రోడ్డు మట్టం గీతను దాటి పైకి వస్తే మిల్లింగ్ సరిగ్గా జరగలేదు. పొడవు, వెడల్పు టేపుతో కొలవండి. 180 మీటర్లకు 4 మీటర్లంటే 720 చదరపు మీటర్లు. అంచనాలో 720 రాసి నేల మీద 600 ఉంటే తేడా ఎక్కడికి పోయిందో అడిగే హక్కు మీకుంది. మూతలు రోడ్డు కింద కప్పబడిపోలేదు కదా, లెక్కపెట్టండి.

కాలువ: ఎగువన నాలుగు బిందెల నీళ్లు పోసి, దిగువన ఒకరు నిలబడండి. నీరు మధ్యలో ఎక్కడైనా నిలిస్తే వాలు తప్పింది. మూతలు వేయకముందే ఈ పరీక్ష చేయాలి. మేం రెండో రోజునే చేశాం, అంగన్‌వాడీ ముందు ఆరడుగుల మేర నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. ఏఈ వచ్చి కళ్లారా చూసి, అంతవరకు పగలగొట్టించి మళ్లీ వేయించారు. మూతలు పడ్డాక అయితే ఆ మాట ఎవరూ వినేవారు కాదు.

పని ఆగిపోతే

రెండు నెలలు జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. తమిళంలో గానీ ఇంగ్లిషులో గానీ రాయండి, ఇక్కడ తెలుగులో రాస్తే కుదరదు. “ఎందుకు చేయలేదు?” అని అడగవద్దు. కాగితాలు అడగండి: మా అర్జీ మీద తీసుకున్న చర్యల నకలు, ఈ ఏడాది మా వార్డు నిధిలో మంజూరైన పనుల జాబితా, మా వీధి అంచనా నకలు, కొలతల పుస్తకం నకలు. అదే చట్టం జరుగుతున్న పనిని తనిఖీ చేయడానికి, సామగ్రి నమూనాలను ధృవీకరించి తీసుకోవడానికి కూడా హక్కు ఇస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

తరచుగా జరిగే పొరపాట్లు

ఒకే పనికి మూడు పద్దుల్లో ఒకేసారి అర్జీ పెట్టి, ఒకరి దగ్గర ఇంకొకరి సంగతి దాచడం పెద్ద పొరపాటు. అంచనా దశలో బయటపడి మూడూ ఆగిపోతాయి. దాచకుండా చెప్పండి. వార్డు నిధిలో లేదన్నారు కాబట్టి మీ దగ్గరకు వచ్చామంటే ఎవరూ తప్పు పట్టరు.

మంజూరైందని నోటిమాట విని స్వీట్లు పంచడం రెండోది. సంఖ్య, తేదీ ఉన్న ఉత్తర్వు చేతికి వచ్చేదాకా అది మంజూరు కాదు. వీధిలో అద్దెకున్నవాళ్లను సంతకానికి అడగకపోవడం మూడోది. వాన నీరు సొంత ఇల్లు, అద్దె ఇల్లు అని చూసి రాదు.

పని పూర్తయ్యాక ఫైలు అటక ఎక్కించకండి. లోపాల బాధ్యత కాలంలో రోడ్డు కుంగినా కాలువ పగిలినా కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఆ కాలం ముగిసే తేదీని గోడ మీది కేలండర్‌లో రాసి, అంతకు నెల ముందు, వీలైతే ఒక వాన పడ్డాక, టేపు పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడవండి. కనిపించిన ప్రతి పగులుకూ ఫోటో తీసి, ఆ వారంలోనే ఏఈకి రాసి ఇచ్చి ముద్ర వేయించుకోండి.